మారిషస్ ఆంధ్రుల గుడి, బడి, వోటు

మన వైపు గ్రామదేవతను 'అమ్మోరు' అని పిలుచుట వాడుక. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి సంబరమునకు హరిశ్చంద్రపురము, టెక్కలి, పలాస ప్రాంతముల జనము తరలివచ్చుట శ్రోతలలో పలువురు కన్నులార చూచియుందురు. వేపమండలు, డప్పుల మ్రోత, తలపై ముర్రాటలు పెట్టుకొని నడచు ఆడవారి బారులు ఉద్దానమువారికి క్రొత్తవి కావు. అయితే ఈ అమ్మోరి పండుగనే, ఈ పేరుతోనే, మన తీరమునకు అయిదువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఒక దీవిలో నేటికిని జరుపుచున్నారన్న సంగతి అందరకు తెలియదు. ఆ దీవి మారిషస్. జరుపువారు తెలుగువారు. వారిలో అధికసంఖ్యాకులకు ఇంట తెలుగు మాటలాడుట రాదు.

ఇంతకంటె వింతయైన విషయము మరియొకటి కలదు. ఆ దేశపు జనాభా లెక్కలలో 'మీ మతమేది?' అను ప్రశ్నకు 'తెలుగు' అని జవాబు వ్రాయించువారు వేల సంఖ్యలో ఉన్నారు. మనకు తెలుగు ఒక భాష. అక్కడ అది ఒక మతము పేరు కూడ. భాష పేరు మతమున కెట్లు వచ్చినది? వచ్చుటవలన ఆ ప్రజకు కలిగిన లాభమేమి, నష్టమేమి? ఈ ప్రసంగములో విచారింపదలచిన విషయ మిదియే.

మారిషస్ దీవి వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. మన శ్రీకాకుళము జిల్లాలో సగము కూడ లేదు. 1598లో డచ్చివారు అడుగు పెట్టునాటికి అక్కడ మనుష్య నివాసమే లేదు. 1715లో అది ఫ్రెంచివారి పాలైనది. 1810లో ఇంగ్లీషువారు దానిని గెలుచుకొనిరి గాని, చెరకుతోటలు, పంచదార మిల్లులు ఫ్రెంచి దొరల చేతిలోనే నిలిచినవి. 1835లో బానిసత్వము రద్దయినది. స్వేచ్ఛ పొందిన ఆఫ్రికావారు మరల అదే తోటలో అదే దొర క్రింద పని చేయుటకు ఇష్టపడలేదు. ఆ లోటు పూరించుకొనుటకు దొరల చూపు మన దేశముపై పడినది. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను పోర్ట్‌లూయీ రేవులో దింపినది. అది మొదలుగా 1920 వరకు ఆ రేవులో దిగిన భారతీయ కూలీల సంఖ్య దాదాపు అయిదు లక్షలు. అక్కడనుండి ఇతర దీవులకు పంపబడినవారును ఈ లెక్కలో కలసియున్నారు. వారు ఎక్కివచ్చిన రాతిమెట్లు గల కట్టడము ఇప్పుడు 'ఆప్రవాసీ ఘాట్' అను పేరుతో ప్రసిద్ధమై, 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది.

ఆ లక్షలలో తెలుగువారు ఒక చిన్న పాయ. గంజాము, విశాఖపట్నము, గోదావరి మండలములనుండి వెళ్లినవారు వారిలో ఎక్కువ. నేటి టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతములు 1936 వరకు గంజాము జిల్లాలోనివే అని శ్రోతలు జ్ఞప్తి యందుంచుకొనవలెను. కాకినాడకు చేరువనున్న కోరంగి ఆ దినములలో పేరెన్నికగన్న రేవు. 1839 నాటి తుపాను దానిని చావుదెబ్బ కొట్టినను దాని పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. బర్మాలోవలె మారిషస్‌లోను తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచినారు. కరువులు, అప్పులు, పంట దక్కని ఏండ్లు, మేస్త్రీల తీపిమాటలు, ఇవి ఇల్లు విడిపించిన కారణములు. 1866లో ఒరిస్సాను పీడించిన మహాక్షామము గంజామును కూడ విడువలేదు.

ఓడ దిగినవానికి ఒక సంఖ్య యిచ్చెడివారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిపై గుర్తులు, స్వగ్రామము, జిల్లా, ఇవన్నియు ఒక పెద్ద పుస్తకములో వ్రాసికొనెడివారు. వ్రాయు గుమాస్తాకు తెలుగు రాదు. చెప్పు కూలికి ఇంగ్లీషు గాని ఫ్రెంచి గాని రాదు. గుమాస్తా చెవికి వినబడినదే పేరు, అతని కలమునుండి జారినదే ఊరు. అందువలన మన అప్పడు అక్కడ 'అప్పడూ' అయినాడు. అప్పన్న 'అపనా' అయినాడు. ఒకనాటి ఒంటిపేరే తరువాతి తరములకు ఇంటిపేరుగా స్థిరపడినది. ఫ్రెంచి భాషలో నవలలు వ్రాసి కీర్తి గడించిన నతాషా అపనా ఇంటిపేరు ఈ కోవలోనిదే. కూలీల ప్రయాణమును గురించి ఆమె వ్రాసిన మొదటి నవల 2003లో వెలువడినది.

తోటలో జీవితము కఠినము. మొదట వచ్చిన కూలీలకు నెల జీతము 5 రూపాయలు, దానితోపాటు బత్తెము. ఒకనాడు పనికి రానిచో రెండు నాళ్ల కూలి కోత కోయుట ఆ తోటల ఆచారము. 1867లో చేసిన చట్టము ప్రకారము ఒప్పందము తీరిన పాత కూలి కూడ తన ఛాయాచిత్రమంటించిన అనుమతి చీటీ లేకుండ బయట తిరుగరాదు. తిరిగినచో దేశదిమ్మరిగా పట్టుబడును. ఈ బాధలను గూర్చి 1871లో అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అను ఐరోపా జాతీయుడు కూలీల పక్షమున ఒక విన్నపము సిద్ధపరచగా, 9,401 మంది పాత కూలీలు దానిపై తమ గుర్తులు పెట్టినారు. 1872లో రాజకీయ విచారణ సంఘము వచ్చినది. 1875లో నివేదిక వెలువడినది. పౌరహక్కుల చరిత్రలో ఆ దీవి భారతీయులు వ్రాసిన తొలిపుట ఇది. అయితే వ్రాసినది అక్షరములతో కాదు, ఎక్కువమంది పెట్టినది గీటు గుర్తులే. ఈ విషయము మరల మనకు పని కివచ్చును.

ఇట్టి స్థితిలో తెలుగు కూలి తన దైవములను ఎట్లు నిలుపుకొన్నాడు? అతనితో ఓడలో అర్చకుడు రాలేదు, ఆగమములు రాలేదు. వచ్చినవి మూడు: సింహాద్రి అప్పన్నపై గురి, అమ్మోరిపై భయభక్తులు, రామనామము. సింహాచలము మన ఉత్తరాంధ్రకు ఇలవేల్పు. అక్షయతృతీయనాడు చందనపు ఒలుపు జరిగి స్వామి నిజరూపము చూపు ఆ క్షేత్రమును ఎరుగని పల్లె మన వైపు లేదు. మారిషస్ తెలుగువారి పూజలలో ఆ స్వామికి నేటికిని ముఖ్యస్థానమున్నది. వెళ్లినవారు ఏ ప్రాంతపువారో చెప్పుటకు ఇంతకంటె బలమైన సాక్ష్య మక్కరలేదు.

ఈ మూడింటిలో సంఘమును కట్టినది రామభజనము. మధ్య ఎత్తయిన దీపపుసెమ్మె నిలిపి, దాని చుట్టును వలయముగా తిరుగుచు, తాళములు వేయుచు, కీర్తనలు పాడుచు తెల్లవారువరకు సాగించు భజనము అది. మన పండరి భజనలు, తప్పెటగుళ్లు చూచినవారికి ఆ అడుగుల పోలిక తెలిసిపోవును. కూలిబ్రతుకునకు ఈ పద్ధతి ఎంతగానో అమరినది. దీనికి రాతిగుడి అక్కరలేదు, ఒక దీపము చాలును. చదువు అక్కరలేదు, ముందువాడు పాడగా వెనుకవాడు అందుకొనిన చాలును. పగలంతయు తోటదొరది. రాత్రి మాత్రమే కూలివానిది. ఓడలో ఒకే కుండ నీళ్లు త్రాగినవారు ఒకే దీపము చుట్టు తిరుగుటకు కులము అడ్డురాలేదు. పెండ్లి కుదుర్చుట, చావుకు చేయి కలుపుట, తగవు తీర్చుట కూడ ఆ వలయములోని పెద్దలే చేసెడివారు. అనగా భజన గుంపే తొలి పంచాయితీ అయినది.

1870వ దశకమునుండి పంచదార ధరలు తగ్గగా, తోటదొరలు సరిగా పండని భూములను చిన్న చిన్న ముక్కలు చేసి అమ్మసాగినారు. కూడబెట్టుకొన్న సొమ్ముతో భారతీయులు వానిని కొన్నారు. తోట లైన్ల వెలుపల పల్లెలు లేచినవి. దొర భూమిలో గడ్డికప్పు క్రింద నున్న దేవుడు సొంత భూమిలో మందిరమునకు వచ్చినాడు. మందిరమునకు ధర్మకర్తలు, చందాలు, లెక్కలు కావలసివచ్చినవి. పూజకై కూడినవారు సంఘముగా నడచుట ఇక్కడ నేర్చుకొన్నారు.

ఇంతలో భాష జారిపోసాగినది. పల్లెలలో భారతీయుల ఉమ్మడి పలుకు భోజపురి అయినది. ఎందుకనగా వచ్చినవారిలో బీహారు ప్రాంతమువారే అధికులు. పట్నములో, పనిలో, బజారులో క్రియోలు. కచేరీలో ఇంగ్లీషు, పత్రికలో ఫ్రెంచి. ఇన్ని నడుమ చిన్న పాయయైన తెలుగు రెండు మూడు తరములలో ఇంటిమాటగా సన్నగిల్లినది. పాటలో మాత్రము మిగిలినది. భజన గుంపులో తెలుగు పాడువాడు ఇంటికి పోయి పిల్లలతో భోజపురిలోనో క్రియోలులోనో మాటలాడెడివాడు. ఈ విధముగా తెలుగు ఆ దీవిలో వ్యవహారభాషగా తగ్గి, దేవతార్చన భాషగా నిలిచినది. భాష పేరు మతము పేరగుటకు బీజము ఇక్కడ ఉన్నది.

1901లో గాంధీజీ దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు దారిలో ఆ దీవిలో కొన్ని వారములు ఆగి, పిల్లలకు చదువు చెప్పించవలెననియు, దేశవ్యవహారములలో పాలుగొనవలెననియు అక్కడి భారతీయులకు బోధించినారు. 1907లో మణిలాల్ డాక్టరు అను న్యాయవాది వచ్చి కూలీల పక్షమున కోర్టులలో వాదించినారు. అయినను ఆస్తిపరులకే వోటు అను నియమము వలన శాసనసభ తలుపులు మూయబడియే యుండినవి. 1937లో తోటలలో పెద్ద అలజడి లేచినది. 1943 సెప్టెంబరు 27న బెల్‌వ్యూ అరెల్ తోటలో సమ్మె కూలీలపై పోలీసులు కాల్పులు జరుపగా నలుగురు మరణించినారు. వారిలో అంజలై అను గర్భవతి ఒకతె. ఆ దేశములోని ఒక పెద్ద క్రీడాప్రాంగణము నేడు ఆమె పేరుతో ఉన్నది.

తరువాత 1947 రాజ్యాంగము వచ్చినది. దీవిలో వాడుకలోనున్న భాషలలో ఏదో ఒక దానిలో సులువైన వాక్యములు చదివి వ్రాయగలిగిన వయోజనులందరికి అది వోటు హక్కు నిచ్చినది. ఆ భాషల పట్టికలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళము, ఉర్దూ, గుజరాతీ, చైనీయములతో పాటు తెలుగు కూడ ఉన్నది. అంతకు ముందు పన్నెండు వేల లోపున నున్న వోటర్ల సంఖ్య 1948 ఎన్నికలనాటికి డెబ్బది వేలు దాటినది. ఆ సందర్భములో బాసుదేవ్ బిసుందోయాల్ నాయకత్వమున జన ఆందోళన కార్యకర్తలు ఊరూర తిరిగి రాత్రిబడులలో జనమునకు హిందీ అక్షరములు నేర్పినారు.

తెలుగువారి విషయములో దీని అర్థమేమో ఆలోచింపుడు. 1871లో గీటు పెట్టిన కూలి మనుమడు 1948లో అక్షరము వ్రాసి వోటరైనాడు. ఆ అక్షరము దొర బడిలో నేర్చిన ఫ్రెంచే కానక్కరలేదు. మందిరపు అరుగుపై, కీర్తన చదువుకొనుటకై నేర్చిన 'అ ఆ'లు కూడ చట్టము ముందు చెల్లినవి. ఇంట మాటలాడని భాష వానికి పౌరసత్వము తెచ్చిపెట్టినది.

మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడినది కూడ ఆ 1940వ దశకముననే. మన దేశములో 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభ పేరునే వారు పెట్టుకొన్నారు. ఇక్కడ ఆ పేరు ఒక రాష్ట్రము కావలెనని అడిగినది. అక్కడ అదే పేరు చెల్లాచెదరైన మందిరములను ఒక త్రాటిపైకి తెచ్చుట, తెలుగు తరగతులు నడుపుట, పండుగలు కలసి చేసికొనుట అను పనులకు పూనుకొన్నది. గుడి, బడి, ప్రభుత్వముతో మాటలాడు గొంతు, ఈ మూడును ఒకే సంస్థలో చేరినవి. 1959లో వయోజనులందరికి వోటు వచ్చినది. 1968 మార్చి 12న దేశము స్వతంత్రమైనది. 1992లో అదే తేదీన గణతంత్రమైనది.

స్వతంత్ర మారిషస్ మతసంస్థలకు ఏటేటా జనసంఖ్యను బట్టి ధనసహాయము చేయును. సహాయము పొందుటకు ప్రత్యేకమైన గుర్తింపు కావలెను, గుర్తింపునకు జనాభా లెక్కలలో పేరు కావలెను. ఆ గుర్తింపు పొందిన సంస్థలలో ఆంధ్ర మహాసభ ఒకటి. రాజ్యాంగము ఎన్నికల నిమిత్తము జనులను నాలుగు వర్గములుగా విభజించినప్పుడు తెలుగువారు హిందువులలో చేరినారు. మతము గడిలో మాత్రము పలువురు 'తెలుగు' అని వ్రాయించినారు. వారు హిందూధర్మమును విడిచినవారు కారు. ఉత్తరాది హిందువుల పెద్ద సంఖ్యలో తమ అప్పన్న, తమ అమ్మోరు, తమ భజనము కలసిపోకుండ కాపాడుకొనుటకు వారికి దొరికిన మాట అది. నా మనవి యేమనగా, ఇది అజ్ఞానము కాదు, ఒక చిన్న సంఘము చేసికొన్న ఆత్మరక్షణ.

ఫలితము చిన్నది కాదు. ఉగాది అక్కడ దేశమంతటికి సెలవుదినము. ప్రాథమిక పాఠశాలలలో పూర్వీకుల భాషగా తెలుగును ఎన్నుకొని చదువవచ్చును. మోకా పట్టణములో 1970లో స్థాపింపబడిన మహాత్మాగాంధీ సంస్థలో పై తరగతులకు తెలుగు బోధన కలదు. 1964లో ఏర్పడిన ఆ దేశపు ప్రసార సంస్థ పలు భాషల నడుమ తెలుగు కార్యక్రమములను కూడ వినిపించుచున్నది. 1975లో హైదరాబాదులో, 1981లో కౌలాలంపూరులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు మూడవసారి 1990లో మారిషస్‌లోనే జరిగినవి.

నష్టమును కూడ దాచరాదు. ఆ దేశపు జనాభా లెక్కలలో ఎంతోకాలముగా రెండు వేరు వేరు ప్రశ్నలు అడుగుచుండిరి. ఒకటి, మీ పూర్వీకుల భాష ఏది? రెండు, మీ ఇంట వాడు భాష ఏది? మొదటి దానికి తెలుగు అని చెప్పువారిలో అత్యధికులు రెండవ దానికి క్రియోలు అని చెప్పుదురు. కీర్తనలను రోమను లిపిలో వ్రాసికొని, అర్థము పెద్దలనడిగి, పాడువారు కలరు. భాష పూజాద్రవ్యమైనప్పుడు దానిపై గౌరవము పెరుగును, వాడుక తగ్గును. దేవుని గది తలుపులవలె అది పండుగనాడే తెరువబడును. ఇంకొక చిక్కు ఏమనగా, గుర్తింపు లెక్కపై ఆధారపడినప్పుడు ప్రతి సంఘము తన తలలను తాను లెక్కపెట్టుకొనుచు పొరుగువాని లెక్కవైపు చూచును. ఒకే ఓడలో వచ్చినవారి మనుమలు వేరు వేరు గడులలో నిలుచుట కొందరికి బాధ కలిగించుచున్నది. అక్కడి ఆలోచనాపరులు ఈ రెండు సంగతులను ఎరుగనివారు కారు. యువకులకు పాట నేర్పుటతో ఆగక మాట నేర్పవలెనని వారి ప్రయత్నము.

ఈ కథ మన ఉద్దానమునకు దూరపు కథ కాదు. మన తీరపు జనము నేటికిని పని వెదకుకొనుచు చెన్నపట్నమునకు, గుజరాతు రేవులకు, అండమానులకు వెళ్లుచునే ఉన్నారు. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో కొబ్బరి, జీడితోటలు కూలిన పిదప పలు కుటుంబములకు ఈ దారి మరింత దగ్గరైనది. వెళ్లినవారు ఏ మాట నిలుపుకొందురో, ఏ పూజ నిలుపుకొందురో, ఎక్కడ ఏ వోటు సంపాదింతురో మారిషస్ చరిత్ర కొంత ముందుగా చెప్పుచున్నది. కూడుటకు ఒక దీపము, నేర్చుటకు ఒక పలక, తమ పక్షమున మాటలాడుటకు ఒక సభ, ఈ మూడును కలసియున్నచోట చిన్న ప్రజ కూడ నిలువగలదు. ఒకటి కొరవడినచో మిగిలినవి ఎంత భారము మోయవలసివచ్చునో కూడ ఆ దీవియే చూపుచున్నది.

చివరగా శ్రోతలకు ఒక చిన్న మనవి. కూలీల వివరములు వ్రాసిన ఆ పాత పుస్తకములు, ఛాయాచిత్రములు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడియున్నవి. వానిలో తమ ముత్తాత సంఖ్య వెదకి, ఊరి పేరు కనుగొని, ఆ ఊరు చూడవలెనని బయలుదేరు మారిషస్‌వారు కలరు. కాని ఆ పేరు గుమాస్తా చెవికి వినబడిన పేరు. నేటి పటములో అది దొరకకపోవచ్చును. చెరువుగట్టున నుండి ఎత్తిపోయిన పాత పేట, తుపానుకు తరలిపోయిన పల్లె, జమీందారీ నాటి పాత పేరు, ఇవి మన వృద్ధుల నోటిలోనే మిగిలియున్నవి. ఎవరైనను అట్టి చీటీ ఒకటి చేతబట్టుకొని మీ ఊరికి వచ్చినచో, వారి తెలుగు తడబడినను విసుగుకొనక, ఆ పేరును పైకి రెండుమూడు విధముల చదివి చూడుడు. వారి ముత్తాత పలికినట్లు దానిని మరల పలుకగలిగినవారు మీరే కావచ్చును.